చికాకోల్ సర్కారు ఉన్న పాత బొమ్మల మ్యాప్ మీ ఇంట్లో దొరికితే ఏం చెయ్యాలి, ఏం చెయ్యకూడదు: మొదటి నుంచీ చివరి దాకా

ముందు ఒకటే మాట, ఆ కాగితాన్ని లామినేషన్ షాపుకి పట్టుకెళ్ళకండి. ఎవరు చెప్పినా సరే. విజయనగరంలో మా పెద్దనాన్నగారి ఇంట్లో అటక మీద ట్రంకు పెట్టెలో రెండు పాత మ్యాపులు ఉండేవి, ఒకటి చిరిగిపోతోందని మా అన్నయ్య చాలా ప్రేమగా తీసుకెళ్ళి ప్లాస్టిక్ మధ్యలో పెట్టించి వేడిగా నొక్కించేశాడు, రెండు మూడు వానాకాలాలు గడిచేసరికి లోపల బుడగలు లేచాయి, కాగితం పసుపు తిరిగింది, చేత్తో వేసిన ఆకుపచ్చ గీత ఉన్న చోట గోధుమ రంగు పట్టేసింది. ఆ ప్లాస్టిక్ ఇప్పుడు తియ్యాలంటే కాగితం పై పొర కూడా దాంతోనే వచ్చేస్తుంది. రెండోది నా దగ్గరికి వచ్చింది. దాన్ని కాపాడుకోడానికి, అది ఏంటో అర్థం చేసుకోడానికి నేను నేర్చుకున్నదంతా వరసగా రాస్తున్నా, మీ ఇంట్లో ఉన్నా, పాత సామాన్ల షాపులో కనపడినా, ఇదే వరసలో వెళ్ళండి.

అసలు ఏ మ్యాపు గురించి మాట్లాడుతున్నాం

1700ల చివర్లో, 1800ల్లో లండన్‌లో, పారిస్‌లో అచ్చు వేసిన మ్యాపులు. కొత్తగా చేతికొచ్చిన నేలని రంగు వేసి, మూలన ఏనుగు, తాటిచెట్టు, బట్టల మూటలు, ఒక దేవత లాంటి ఆవిడ బొమ్మ చెక్కి, గోడకి తగిలించుకునేంత అందంగా చేసి అమ్మేవారు. మన ప్రాంతం అందులో ఉత్తర సర్కార్లు అనే పేరుతో ఉంటుంది. సర్కార్లు అంటే అప్పటి పాలనా విభాగాలు, అవి ఐదు: చికాకోల్, రాజమండ్రి, ఏలూరు, ముస్తఫానగర్ అంటే కొండపల్లి వైపు, ముర్తజానగర్ అంటే గుంటూరు. చికాకోల్ అంటే మన శ్రీకాకుళమే, అప్పుడు విజయనగరం, బొబ్బిలి, విశాఖ అన్నీ దాని కిందే లెక్క.

ఈ నేల చేతులు మారిన కథ తెలియకపోతే మ్యాపు మీద రంగులు ఏం చెప్తున్నాయో అర్థం కాదు, అందుకని నాలుగు ముక్కల్లో. 1753లో నిజాం సలాబత్ జంగ్ నాలుగు సర్కార్లు ఫ్రెంచి సేనాని బుస్సీకి రాసిచ్చాడు. 1757 జనవరి 24న బొబ్బిలి యుద్ధం, అది మనకెవరికీ చెప్పక్కర్లేదు, పైడితల్లి అమ్మవారి పండగ వచ్చినప్పుడల్లా గుర్తొచ్చేదే. ఆ తరవాత విజయనగరం ఆనంద గజపతి రాజు ఫ్రెంచి వాళ్ళతో చెడి, బెంగాల్ నుంచి ఇంగ్లీషు వాళ్ళని పిలిపించుకున్నాడు, క్లైవ్ కర్నల్ ఫోర్డ్‌ని పంపాడు, 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచి వాళ్ళు ఓడిపోయారు, 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం పోయింది. 1765లో ఢిల్లీ పాదుషా షా ఆలం దగ్గర ఈస్టిండియా కంపెనీ ఫర్మానా తెచ్చుకుంది, 1766 నవంబరు 12న హైదరాబాద్‌లో నిజాంతో ఒప్పందం చేసుకుంది, ఏటా ఇంత అని కడతాం సర్కార్లు మావి అని. గుంటూరు మాత్రం నిజాం తమ్ముడు బసాలత్ జంగ్ బతికున్నంత కాలం ఆయనకే వదిలేశారు, అది కంపెనీకి వచ్చింది 1788లో. చివరికి 1823లో ఆ ఏటా కట్టే పేష్కష్ కూడా ఒకేసారి డబ్బిచ్చి తెంచేసుకున్నారు. ఈ సంవత్సరాలన్నీ ఒక కాగితం మీద రాసుకుని పక్కన పెట్టుకోండి, తరవాత ఇవే మీకు తాళం చెవులు.

1. ముట్టుకునే ముందు

చేతులు సబ్బుతో కడుక్కుని బాగా ఆరబెట్టుకోండి. తెల్ల గ్లవుజులు వేసుకోవాలని చాలామంది అంటారు గానీ కాగితానికి అవి మంచివి కావు, వేళ్ళకి స్పర్శ తెలీదు, చిరుగు అంచుకి దారం తగులుకుని ఇంకా చిరుగుతుంది. శుభ్రమైన పొడి చేతులే మేలు. పెద్ద బల్ల ఖాళీ చేసి దాని మీద తెల్ల కాగితం పరచండి, టీ గ్లాసు ఆ గదిలోనే వద్దు, పెన్నులు కూడా వద్దు, రాసుకోడానికి పెన్సిల్ మాత్రమే. ఫ్యాన్ ఆపండి.

చుట్టి ఉన్న మ్యాపుని ఒక్కసారే లాగి తెరవకండి. చుట్టిన కాగితం ఏళ్ళ తరబడి అలాగే ఎండిపోయి ఉంటుంది, బలవంతం చేస్తే అప్పడంలా విరుగుతుంది. మన దగ్గర గాల్లో తేమ ఎలాగూ ఎక్కువే, వానాకాలంలో ఒకటి రెండు రోజులు నీడలో వదులుగా ఉంచితే చాలాసార్లు అదే మెత్తబడుతుంది. అప్పుడు కొంచెం కొంచెం తెరుస్తూ అంచుల మీద శుభ్రమైన గుడ్డలో చుట్టిన చిన్న ఇసక సంచులు పెట్టండి. అప్పటికీ పెళుసుగా చిటపటమంటుంటే ఆపేసి నిపుణుల దగ్గరికే.

2. ఫోటోలు

ఏ పనీ మొదలెట్టకముందే. కిటికీ వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, ముందు మొత్తం, తరవాత ఎనిమిది పది ముక్కలుగా దగ్గర్నుంచి, తరవాత వెనక వైపు కూడా. వెనక వైపు చాలామంది వదిలేస్తారు, కానీ సగం కథ అక్కడే ఉంటుంది. పక్కన స్కేలు పెట్టి ఒక ఫోటో తియ్యండి, కాగితం సైజు, లోపల అచ్చు గీత సైజు రెండూ విడివిడిగా మిల్లీమీటర్లలో రాసుకోండి.

3. పాతదా, పాతదానికి అచ్చు వేసిన నకలా

దీనికి ఖరీదైన సామాను ఏమీ అక్కర్లేదు, బంగారం షాపులో కంసాలి కంటికి పెట్టుకునే భూతద్దం ఉంటుంది చూడండి, పదింతలు పెద్దగా చూపించేది, అది చాలు. అది పెట్టి ఒక గీతని, ఒక రంగు ఉన్న చోటుని చూడండి. వరసగా చుక్కలు చుక్కలుగా కనపడితే, ముఖ్యంగా నీలం, గులాబీ, పసుపు, నల్ల చుక్కలు పువ్వుల్లా కలిసి ఉంటే అది ఆఫ్‌సెట్ మీద తీసిన నకలు, ఎంత పాతగా కనిపించినా సరే. టీ డికాషన్ పోసి పాతబరిచిన నకళ్ళు చాలా తిరుగుతున్నాయి, వాటికి గోధుమ రంగు అంతటా ఒకేలా ఉంటుంది. నిజంగా పాతబడిన కాగితానికి అంచుల దగ్గర ముదురుగా, మధ్యలో లేతగా, మడత దగ్గర వేరేగా ఉంటుంది.

చుక్కలు లేకుండా గీత గీతగా, నల్లగా, పదునుగా ఉంటే తరవాతి పరీక్ష. గదిలో లైటు తీసేసి ఫోన్ టార్చి వెలుగుని కాగితానికి అడ్డంగా, పక్క నుంచి పడేలా పట్టుకోండి. అచ్చు బొమ్మ చుట్టూ దీర్ఘచతురస్రంగా కాగితం కొంచెం లోపలికి నొక్కుకుపోయినట్టు అంచు కనిపిస్తుంది. రాగి రేకు మీద చెక్కి, సిరా నింపి, తడి కాగితాన్ని దాని మీద పెట్టి బలంగా ప్రెస్‌లో నొక్కినప్పుడు పడే గుర్తు అది. ఎవరో ఫ్రేముకి సరిపడేలా అంచులు కోసేసి ఉంటే కనపడకపోవచ్చు. 1820ల నుంచి ఉక్కు రేకు వాడారు, దాని గీతలు వెంట్రుక కన్నా సన్నగా, ఏకరీతిగా ఉంటాయి. రాతి మీద అచ్చు వేసిన లిథో మ్యాపుకి నొక్కుడు గుర్తు ఉండదు, ఆ పద్ధతి పుట్టిందే 1796 తరవాత, కాబట్టి లిథో మ్యాపు మీద 1770 అని ఉంటే అది తరవాత వేసిన నకలే.

ఇక కాగితం. కిటికీకి ఎదురుగా పట్టుకుని చూడండి, సుమారు అంగుళం దూరంలో నిలువు గీతలు, వాటికి అడ్డంగా దగ్గర దగ్గరగా సన్న గీతలు కనిపిస్తే అది తీగల జల్లెడ మీద చేత్తో తీసిన పాత రకం. ఎక్కడో ఒక చోట కిరీటమో, పువ్వో, అక్షరాలో నీటి గుర్తుగా కనిపిస్తే దాని ఫోటో తప్పకుండా తియ్యండి. ఏ గీతలూ లేని నున్న కాగితం 1757 ప్రాంతంలో ఇంగ్లండులో మొదలైంది, మ్యాపులకి బాగా వాడింది ఆ తరవాతే. పాత బట్టల గుడ్డ పీలికలు నానబెట్టి చేసిన ఆ కాగితం 250 ఏళ్ళయినా మెత్తగా వంగుతుంది, మా తాతగారి 1950ల నోటు పుస్తకం మాత్రం పట్టుకుంటే రాలిపోతోంది, ఎందుకంటే అది కర్ర గుజ్జు కాగితం. పాతది అంటే పెళుసుగా ఉండాలి అనుకోకండి.

మధ్యలో నిలువుగా ఒక మడత ఉండి, వెనక ఆ మడత మీద సన్న కాగితం పట్టీ అంటించి ఉంటే, ఆ మ్యాపు ఏదో అట్లాస్ పుస్తకం నుంచి విడదీసింది అని అర్థం. అది లోపం కాదు.

4. ఏ సంవత్సరంది

నాకు బాగా ఇష్టమైన పని ఇదే, తొందరపడకండి.

ముందు కింద అంచున చిన్న అక్షరాల్లో చూడండి. ఇంగ్లండులో 1735 నుంచి చెక్కుడు బొమ్మల హక్కుల చట్టం ఉంది, ఆ హక్కు కావాలంటే రేకు మీద అచ్చు వేసిన వాడి పేరు, తేదీ ఉండాలి, అందుకే చాలా ఇంగ్లీషు మ్యాపుల మీద పార్లమెంటు చట్టం ప్రకారం ఫలానా రోజున ప్రచురించబడింది అని ఉంటుంది. కాని ఆ తేదీని కళ్ళు మూసుకుని నమ్మకూడదు, ఎందుకంటే అదే రేకుని ఇరవై ముప్పై ఏళ్ళు వాడేవారు, ఒక్కోసారి తేదీ మార్చకుండా లోపల సరిహద్దులు మాత్రం మార్చేవారు, ఒక్కోసారి తేదీ మార్చి లోపల ఏమీ మార్చేవారు కాదు. ఎడమ మూలన ఒక పేరు పక్కన డెలినియావిట్ అనో దాని పొట్టి రూపమో ఉంటే అది గీసినవాడు, కుడి మూలన స్కల్ప్సిట్ అని ఉంటే అది రేకు చెక్కినవాడు.

తరవాత అక్షరాలు. ఇంగ్లీషు ఎస్ అక్షరం ఎఫ్ లాగా పొడుగ్గా ఉంటే అది సుమారు 1800కి ముందు పద్ధతి. రేఖాంశాలు ఎక్కణ్ణుంచి లెక్కపెట్టారో చూడండి, పారిస్ నుంచి అని ఉంటే ఫ్రెంచి మూలం, లండన్ అనో గ్రీనిచ్ అనో ఉంటే ఇంగ్లీషు. అందరూ గ్రీనిచ్ దగ్గర కలవాలని అనుకున్నది 1884 సమావేశంలో, అప్పటిదాకా ఎవరి సున్నా వాళ్ళదే.

ఇప్పుడు రంగులు, సరిహద్దులు. ఇక్కడే మీరు రాసి పెట్టుకున్న సంవత్సరాలు పనికొస్తాయి. చికాకోల్ నుంచి కొండపల్లి దాకా ఒక రంగులో ఉండి గుంటూరు మాత్రం నిజాం రంగులో ఉంటే అది 1766కీ 1788కీ మధ్య పరిస్థితి. గుంటూరు కూడా కలిసిపోయి, కానీ పైన కటకం, పూరీ వైపు మరాఠాల రంగు ఉండి బెంగాల్‌కీ మన గంజాంకీ మధ్య ఖాళీ కనపడితే 1788కీ 1803కీ మధ్య, ఎందుకంటే 1803లో మరాఠాల దగ్గర్నుంచి ఒరిస్సా తీర ప్రాంతం తీసుకున్నాకే కలకత్తా నుంచి మద్రాసు దాకా తీరమంతా కంపెనీ రంగు అతుక్కుంది. భీమిలి దగ్గర డచ్చి వాళ్ళ గుర్తు ఉంటే 1825కి ముందు పరిస్థితి. విజయవాడ వైపు నుంచి కటకం దాకా తీరం వెంట రైలు గీత ఉంటే 1893 తరవాతది. శ్రీకాకుళం గంజాం జిల్లాలో ఉంటే 1936 ఏప్రిల్ 1కి ముందు, విశాఖపట్నం జిల్లాలో ఉంటే దాని తరవాత, సొంత జిల్లాగా ఉంటే 1950 తరవాత, విజయనగరం జిల్లా అని వేరే గీత ఉంటే 1979 తరవాత.

ఒక జాగ్రత్త ఉంది ఇక్కడ. గీతలు రేకు మీద అచ్చు పడతాయి, రంగులు మాత్రం ఆ రోజుల్లో మనుషులు కూర్చుని ఒక్కో కాగితానికి కుంచెతో వేసేవారు. అంటే 1770 రేకుకి 1790లో రంగు వెయ్యొచ్చు, నిన్న కూడా వెయ్యొచ్చు, అమ్మకానికి అందంగా ఉంటుందని. కాబట్టి రంగు ఒక్కటే సాక్ష్యం అనుకోకుండా రేకు మీదే చుక్కలుగా చెక్కిన సరిహద్దు గీతతో కలిపి చూడండి. పాత ఆకుపచ్చ రాగి చిలుముతో చేసేవారు, అది ఏళ్ళ తరబడి కాగితాన్ని తింటుంది, వెనక్కి తిప్పి చూస్తే సరిగ్గా ఆ గీత ఉన్న చోటే గోధుమ రంగు నీడ కనిపిస్తుంది. ఆ నీడ ఉంటే ఆ ఆకుపచ్చ పాతదే అని నాకు చాలా నమ్మకం. మా మ్యాపు వెనక గుంటూరు చుట్టూ అలాంటి నీడ వంపు తిరిగి ఉంది, చికాకోల్ చుట్టూ లేదు, అక్కడ ఎరుపు. ఆ నీడ చూసినప్పుడే అది 1788కి ముందు రంగు అని ధైర్యంగా అనుకున్నాను.

5. మూలనున్న బొమ్మని చదవడం

పేరు రాసిన పలక చుట్టూ ఉండే అలంకారాన్ని కార్టూష్ అంటారు. చాలామంది దాన్ని అందం కోసమే అనుకుని ఊళ్ళ పేర్ల మీదకి వెళ్ళిపోతారు. నేను మాత్రం అది మ్యాపు మొత్తంలో అసలు మాట అంటాను. భూమి ఎవరిదో గీతలు చెప్తే, ఎందుకు మాది అని వాళ్ళు అనుకున్నారో బొమ్మ చెప్తుంది.

ఎక్కువమందికి తెలిసిన ఉదాహరణ జేమ్స్ రెన్నెల్ 1782 హిందూస్థాన్ మ్యాపు. రెన్నెల్ బెంగాల్‌లో కంపెనీకి సర్వేయర్ జనరల్‌గా చేసినవాడు. ఆ మ్యాపు మూలన బ్రిటానియా దేవత, అంటే బ్రిటన్ దేశానికే ఇచ్చిన ఆడరూపం, నిలబడి ఉంటుంది, బ్రాహ్మణ పండితులు తమ శాస్త్ర గ్రంథాలు తెచ్చి ఆమె చేతికి అందిస్తుంటారు. మ్యాపుతో పాటు వేసిన వివరణ పుస్తకంలో రెన్నెల్ తనే దానికి అర్థం చెప్పాడు, హిందువుల పవిత్ర గ్రంథాలని బ్రిటానియా తన రక్షణలోకి తీసుకుంటోందని. ఒక్క క్షణం ఆగి ఆ బొమ్మ గురించి ఆలోచించండి. మన దగ్గర అప్పటికి చందుర్తి అయిపోయింది, బందరు అయిపోయింది, శిస్తు లెక్కలు మారిపోయాయి, ఇంకో పన్నెండేళ్ళకి 1794లో పద్మనాభం దగ్గర చిన విజయరామరాజు కంపెనీ సైన్యంతో పోరాడి ప్రాణం వదిలాడు. బొమ్మలో మాత్రం ఎవరూ ఎవరి మీదా చెయ్యెత్తరు, అందరూ ఇష్టంగా ఇస్తున్నట్టే ఉంటుంది. నాకు అది చూసినప్పుడల్లా గుండె బరువెక్కుతుంది.

మీ మ్యాపు మీద ఏ బొమ్మ ఉన్నా ఈ ప్రశ్నలు వేసుకుని జవాబులు రాసుకోండి. ఎవరు నిలబడ్డారు, ఎవరు వంగారు, ఎవరు కూర్చున్నారు? ఎవరి చేతిలో ఏముంది? నేల మీద ఏం పడేసి ఉంది? ఓడలు ఒడ్డు వైపు వస్తున్నాయా, వెళ్తున్నాయా? ఎవరికైనా అంకితం ఇచ్చారా, ఇస్తే కంపెనీ డైరెక్టర్లకా, సైనికాధికారికా? మా మ్యాపులో ఒక తాటిచెట్టు కింద తాళ్ళతో కట్టిన బట్టల బేళ్ళు మూడు ఉన్నాయి. మొదట్లో దాన్ని ఏదో ఖాళీ నింపడానికి వేశారు అనుకున్నా. తరవాత తట్టింది, ఈ తీరం మీద వాళ్ళకి మొదటి ఆశే బట్ట. విశాఖలో, ఇంజరంలో, మాధవాయపాలెంలో కంపెనీ వాళ్ళు కొట్లు పెట్టుకుని కూర్చుంది మన సాలీల నేత కోసమే, చికాకోల్ మస్లిన్ అంటే సముద్రాల అవతల కూడా పేరు. పొందూరులో ఇవాళ్టికీ చేప దవడతో పత్తి శుభ్రం చేసి సన్న నూలు వడికే ఆడవాళ్ళు ఉన్నారు. ఆ బేళ్ళల్లో ఉన్నది వాళ్ళ ముత్తవ్వల పనే అయ్యుండొచ్చు.

1851 ప్రాంతంలో లండన్‌లో టాలిస్ కంపెనీ వేసిన మ్యాపులు ఇంకో రకం, జాన్ రాప్కిన్ చెక్కినవి, చుట్టూ తీగల్లాంటి అంచు, లోపల చిన్న చిన్న బొమ్మలు. అవి ఉక్కు రేకు అచ్చులు. బాగుంటాయి, చాలా దొరుకుతాయి, నకళ్ళు ఇంకా ఎక్కువ దొరుకుతాయి, అంతకంటే ఆగక్కర్లేదు.

6. ఊళ్ళ పేర్లు, ఖాళీలు

ఇప్పుడు ఇంట్లో పెద్దవాళ్ళని పక్కన కూర్చోబెట్టుకోండి. స్పెల్లింగులు చూసి భయపడకండి, గట్టిగా పైకి చదివితే మన ఊరే వినిపిస్తుంది. చికాకోల్ శ్రీకాకుళం, విజాగపటం విశాఖపట్నం, బిమ్లిపటం భీమునిపట్నం, కళింగపటం కళింగపట్నం, కిమిడీ పర్లాకిమిడి. నాగావళిని లాంగుల్యా అని రాస్తారు. మా పెద్దమ్మ కళ్ళజోడు పెట్టుకుని ఒక్కో పేరూ నెమ్మదిగా పలుకుతూ మూడు ఊళ్ళు పట్టేసింది, నేను వారం రోజులు చూసినా పట్టలేనివి, ఎందుకంటే ఆవిడకి పాత బళ్ళ దారులు గుర్తున్నాయి, ఈ ఊరి తరవాత సత్రం, తరవాత ఏరు, తరవాత ఆ ఊరు అని.

రెండు చోట్ల పొరపాటు జరుగుతుంది. బిస్నగర్ అని కనపడితే అది మన విజయనగరం కాదు, హంపీ విజయనగరం. ఇంకోటి, కృష్ణా జిల్లాలో ఆంధ్ర మహావిష్ణువు గుడి ఉన్న శ్రీకాకుళం వేరే ఉంది, కృష్ణా నది ఒడ్డున ఆ పేరు కనపడితే అది అదే.

పేర్లు అయ్యాక ఖాళీలు చూడండి. తీరం వెంట పేర్లు చీమల బారులా ఉంటాయి, ఎందుకంటే ఓడల వాళ్ళు లోతులు కొలుచుకుంటూ వచ్చారు. పది పన్నెండు కోసులు లోపలికి వెళ్ళేసరికి పేర్లు పలచబడతాయి, సాలూరు, పార్వతీపురం, సీతంపేట వైపు కొండలు వచ్చేసరికి చీమల పుట్టల్లాంటి చిన్న చిన్న దిబ్బలు వరసగా గీసేసి ఊరుకుంటారు. సవరలు, జాతాపులు, కోదులు తరతరాలుగా ఉన్న నేల అది. సరిహద్దు రంగు మాత్రం ఆ ఖాళీ చుట్టూ కూడా తిప్పేశారు. చూడని నేలకి, వెళ్ళని కొండకి కూడా రంగు పడింది. 1766 కాగితంలో సర్కార్లు మొత్తం వాళ్ళవే, నేల మీద మాత్రం జమీందార్లతో, కొండ దొరలతో ఇంకో డెబ్భై ఎనభై ఏళ్ళు గొడవలు నడుస్తూనే ఉన్నాయి. ఈ ఖాళీల ఫోటో విడిగా తీసి పెట్టుకోండి, పిల్లలకి చరిత్ర చెప్పాలంటే ఇంతకంటే మంచి పాఠం నాకు కనపడలేదు.

7. ఇంకో కాపీతో పోల్చడం

డేవిడ్ రమ్సీ మ్యాప్ కలెక్షన్ అని నెట్‌లో ఉంది, ఫ్రెంచి జాతీయ గ్రంథాలయం వాళ్ళ గాలికా ఉంది, రెండూ ఉచితం, బాగా జూమ్ చేసి చూడొచ్చు. మీ మ్యాపు శీర్షికలో మొదటి మాటలు కొట్టి వెతకండి. దొరికితే ఒకే మూల నుంచి మొదలుపెట్టి చదరం చదరంగా రెండూ పోల్చండి: ఒకదాంట్లో ఉన్న రోడ్డు ఇంకోదాంట్లో లేకపోతే, ప్రచురణకర్త అడ్రసు మారితే, అవి ఒకే రేకు మీద వేరు వేరు కాలాల అచ్చులు. రేకు మీద ఒక గీత చెరిపి కొత్తది చెక్కిన చోట పాత గీత నీడ కూడా కనిపిస్తుంది. మద్రాసు ప్రెసిడెన్సీ కాగితాలు కావాలంటే చెన్నై ఎగ్మూరులో తమిళనాడు ఆర్కైవ్స్ ఉంది.

8. దుమ్ము, బూజు, చిరుగులు

మెత్తని పెద్ద కుంచెతో మధ్య నుంచి అంచులకి ఒకే దిక్కుగా తుడవండి, రుద్దకండి. బొమ్మా రంగూ లేని తెల్ల అంచు మీద మురికి ఉంటే తెల్ల ప్లాస్టిక్ రబ్బరుని తురిమి ఆ పొడిని వేలితో తేలిగ్గా తిప్పి కుంచెతో దులపొచ్చు. రంగు ఉన్న చోట అదీ వద్దు. నీళ్ళు వద్దు, బ్లీచింగ్ వద్దు, నిమ్మకాయ అస్సలు వద్దు. ఇటుక రంగు చుక్కలు చుక్కలుగా మచ్చలు ఉంటాయి, అవి పోగొట్టాలని చూడకండి.

బూజు పట్టి ఉంటే ముందు మాస్కు పెట్టుకోండి, ఇంట్లో మిగతా పుస్తకాల దగ్గర్నుంచి విడిగా తియ్యండి, తడిగా ఉండగా తుడిస్తే కాగితం లోపలికి పాకుతుంది కాబట్టి నీడలో గాలి ఆడే చోట పూర్తిగా ఆరనిచ్చి అప్పుడు కుంచెతో బయట దులపండి. ఎండలో పెట్టకండి.

చిరుగుకి సెల్లో టేప్ వెయ్యకండి. ఆ జిగురు పదేళ్ళకి కాగితంలోకి ఇంకి పసుపు మరకగా ఉండిపోతుంది, ఫెవికాల్ కూడా అంతే, మళ్ళీ తియ్యలేం. నిపుణులు వాడేది జపాన్ నార కాగితం, గోధుమ పిండిలోంచి తీసిన గంజి జిగురు, ఎప్పుడైనా తడిపి తియ్యొచ్చు అన్నదే అందులో గొప్ప. చిన్న చిరుగైతే నేర్చుకుని ముందు పనికిరాని పాత కాగితాల మీద నలభై యాభై సార్లు చేసి చూసి అప్పుడు దీని మీద చెయ్యండి. పెద్ద చిరుగు, ఆకుపచ్చ గీత దగ్గర విరుగు, వెనక గుడ్డ అంటించి ఉంటే, ఇవి ఇంట్లో పనులు కావు. పాత కట్టడాలు, కళలు కాపాడే ఇన్‌టాక్ అనే సంస్థ వాళ్ళకి కాగితాలు బాగుచేసే కేంద్రాలు ఉన్నాయి, హైదరాబాద్‌లో సాలార్ జంగ్ మ్యూజియంలో లాబ్ ఉంది, ఢిల్లీలో నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ళు ఈ పని నేర్పే కోర్సులు కూడా పెడతారు.

9. మన వాతావరణంలో దాచుకోవడం

మన దగ్గర మూడు శత్రువులు: సముద్రం గాలి తేమ, చెదలు, తుపాను. 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, పైకప్పు రేకు లేచిపోయిన ఇంట్లో ట్రంకు పెట్టెలో ఏం మిగిలిందో. అందుకని అటక వద్దు, నేల మీద వద్దు, నడుము ఎత్తులో, బయటి గోడకి ఆనకుండా ఉన్న ఇనప బీరువా అరలో, పడుకోబెట్టి దాచండి. లోపల ఆమ్లం లేని అట్టతో చేసిన ఫోల్డరు, లేకపోతే పాలిస్టర్ షీటు, రెండు పక్కలు తెరిచి ఉంచి. మామూలు పీవీసీ కవర్లు వద్దు, వాటి వాసనే చెప్తుంది. చిన్న తేమ మీటరు కొనుక్కుని లోపల పెట్టండి, యాభై దగ్గర ఉంటే బాగు, అరవై ఐదు దాటి నిలబడితే బూజు మొదలవుతుంది, అప్పుడు సిలికా జెల్ సంచులు మార్చండి. వేపాకు ఎండబెట్టి గుడ్డలో కట్టి బీరువాలో పెట్టడం మన పెద్దల పద్ధతి, పెట్టండి, కాకపోతే కాగితానికి తగలకుండా. కలరా ఉండలు మాత్రం కాగితం పక్కన వద్దు.

గోడకి తగిలించాలనే ఉంటే, అసలుదాన్ని లోపల పెట్టి మంచి స్కాన్ తీయించి దాన్ని ఫ్రేమ్ కట్టించుకోండి అని నా సలహా. అసలుదే కావాలంటే ఫ్రేమ్ షాపు ఆయనకి మూడు మాటలు ముందే చెప్పి, ఆయన పక్కనే నిలబడండి: వెనక ప్లైవుడ్ కాకుండా ఆమ్లం లేని అట్ట వెయ్యాలి, అద్దానికి కాగితం తగలకుండా మధ్యలో మౌంట్ ఉండాలి, మ్యాపుని దేనికీ జిగురుతో పూర్తిగా అంటించకూడదు, పైన రెండు చోట్ల జపాన్ కాగితం పట్టీలతో వేలాడాలి. ఫ్రేముకీ గోడకీ మధ్య గాలి ఆడేలా నాలుగు మూలలా చిన్న బెండు ముక్కలు పెట్టించండి. ఎండ పడే గోడ వద్దు, పూజ గది దీపం పక్కన వద్దు.

10. అమ్మాలనుకుంటే

1972 పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన కళాత్మక వస్తువులు, చరిత్ర విలువ ఉన్న రాతప్రతులూ రికార్డులైతే డెబ్భై ఐదేళ్ళు దాటినవి పురావస్తువుల కిందకి వస్తాయి. వాటిని వ్యాపారంగా అమ్మేవాళ్ళకి లైసెన్సు ఉండాలి, సొంతంగా దేశం బయటికి పంపడం నేరం. అమెరికాలో ఉన్న మేనల్లుడికి సూట్‌కేసులో పెట్టి పంపేద్దాం అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ధర కోసం అమ్మేవాళ్ళు అడిగే రేట్లు చూడకండి, వేలంలో నిజంగా అమ్ముడైన రేట్లు చూడండి, అంచులు కోసినదానికి, కొత్తగా రంగు వేసినదానికి తక్కువే వస్తుంది. నేను అమ్మను.

ఆఖరి పని. మ్యాపు మీద, వెనక కూడా, ఏమీ రాయకండి. ఫోల్డరు లోపలి అట్ట మీద పెన్సిల్‌తో రాయండి: ఎక్కడ దొరికింది, ఎవరి పెట్టెలో, ఎవరు తెచ్చారని ఇంట్లో చెప్పుకుంటారు, ఏ తేదీన ఏం శుభ్రం చేశారు. మా ఫోల్డరు మీద పెద్దమ్మ చేతే రాయించాను, ఆవిడ పట్టిన మూడు ఊళ్ళ పేర్లు, వాటి పక్కన మ్యాపులో ఉన్న పేర్లు, కింద ఆవిడ సంతకం, తేదీ.